టైకో బిలం, దాని ఇరుగుపొరుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రిలో మా మేడ మీద 70 మి.మీ. టెలిస్కోప్ ఒకటి పెట్టి, వీధిలో వాళ్లకి చంద్రుణ్ణి చూపిస్తుంటాను. వచ్చినవాళ్లు శని వలయాలు చూసి ఆశ్చర్యపోతారు కానీ ప్రశ్నలు మాత్రం చంద్రుడి గురించే అడుగుతారు. అందులోనూ సగం ఒకే చోటు మీద ఉంటాయి: కిందివైపు మెరిసే ఆ తెల్ల చుక్క ఏంటి, దాని నుంచి అన్ని వైపులకీ పాకిన ఆ గీతలేంటి అని. దాని పేరు టైకో, చంద్రుడి నేల మీద ఒక పెద్ద గుంత, అంటే బిలం. వెనకాల పదిమంది వరసలో నిలబడి ఉన్నప్పుడు తీరిగ్గా చెప్పడం కుదరదు కాబట్టి, మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలన్నిటికీ ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఆ చుక్క ఎక్కడుంటుంది? టెలిస్కోప్ లేకపోతే కనిపించదా?

కనిపిస్తుంది. పున్నమినాడు చంద్రుడి దక్షిణ భాగంలో, మిగతా చోటు కంటే ఎక్కువ తెల్లగా, దీపం పెట్టినట్టు ఒక మచ్చ ఉంటుంది, అదే. మనం చిన్నప్పటి నుంచి చూసే కుందేలు మొత్తం నల్లటి మైదానాలతో అయిన బొమ్మ. టైకో ఆ కుందేలులో లేదు, దానికి దూరంగా తెల్లటి వైపున ఉంది. మామూలు బైనాక్యులర్ ఉంటే ఆ చుక్క చుట్టూ గీతలు కూడా తేటగా తెలుస్తాయి.

చాలామంది తడబడేది దిక్కు దగ్గర. పుస్తకాల్లో, నెట్‌లో ఫొటోలన్నీ ఉత్తరం పైన, దక్షిణం కింద పెట్టి వేస్తారు. మనం ఉన్న అక్షాంశంలో చంద్రుడు అలా నిలబడి ఉండడు. తూర్పున ఉదయిస్తున్నప్పుడు పక్కకి వాలి ఉంటాడు, అప్పుడు టైకో కుడిచేతి వైపు కనిపిస్తుంది. పడమట దిగిపోయేటప్పుడు ఎడమ వైపు వస్తుంది. మధ్యలో ఎప్పుడో నడినెత్తికి దగ్గరగా వచ్చినప్పుడు దక్షిణం వైపు తిరిగి చూస్తే మాత్రం ఫొటోలో ఉన్నట్టే కిందికి ఉంటుంది. చలికాలం పున్నములకి చంద్రుడు మనకి నడినెత్తికి, ఒక్కోసారి కాస్త ఉత్తరానికి కూడా వెళ్తాడు. అప్పుడు ఉత్తరం తిరిగి చూసేవాళ్లకి టైకో పైన ఉంటుంది! "నిన్న కింద ఉందన్నారు కదా అంకుల్" అని ఒక పిల్లాడు నన్ను నిలదీశాడు, వాడి అనుమానంలో తప్పేమీ లేదు.

ఎంత పెద్దది?

అడ్డంగా 85 కి.మీ. మ్యాప్ మీద స్కేలు పెట్టి సూటిగా కొలిస్తే రాజమండ్రి నుంచి ఏలూరు దాకా దాదాపు 80 కి.మీ. వస్తుంది. అంటే మన గోదావరి గట్టు మీద ఒక అంచు పెడితే రెండో అంచు ఏలూరు దాటి పడుతుంది. హైదరాబాద్ వాళ్లకి ఇంకోలా చెప్తాను. మీ అవుటర్ రింగ్ రోడ్డు మొత్తం 158 కి.మీ., టైకో అంచు మీదుగా ఒక చుట్టు తిరిగితే 265 కి.మీ. దాటుతుంది.

లోతు కూడా తక్కువేం కాదు. అంచు నుంచి అడుగుకి 4.7 కి.మీ. మధ్యలో ఒక కొండ ఉంది, దాని శిఖరం అడుగు నుంచి 2 కి.మీ. లేచి ఉంటుంది. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది, దానికి రెండింతలు వేసుకుని ఇంకొంచెం కలపండి. అంత కొండ లోపల నిలబడి ఉన్నా అంచు దాన్ని మించిపోయి ఉంటుంది.

ఇదెలా ఏర్పడింది? అగ్నిపర్వతం కాదా?

కాదు, కానీ ఆ అనుమానం చాలా పెద్దవాళ్లకే ఉండేది. చంద్రుడి మీద గుంతలన్నీ చల్లారిన అగ్నిపర్వతాలే అని ఖగోళ శాస్త్రవేత్తలు 20వ శతాబ్దం మధ్య దాకా వాదించారు. వాళ్ల వాదనలో బలం ఉంది కూడా: రాయి ఏటవాలుగా వచ్చి పడితే గుంత సాగదీసినట్టు ఉండాలి కదా, మరి ఇవన్నీ ఇంత గుండ్రంగా ఎందుకున్నాయి? దీనికి జవాబు వేగంలో ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే రాయి సెకనుకి పది పదిహేను కిలోమీటర్లకు పైగా వేగంతో తగులుతుంది. ఆ వేగంలో అది బురదలో విసిరిన గులకరాయిలా గుచ్చుకోదు, బాంబులా పేలుతుంది. పేలుడు అన్ని వైపులకీ సమానంగా తోస్తుంది కాబట్టి, బాగా పడుకున్న కోణంలో వస్తే తప్ప గుంత గుండ్రంగానే వస్తుంది. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త గిల్బర్ట్ 1890లలోనే ఇవి ఢీకొనడం వల్ల వచ్చినవే అని రాశాడు, అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్ 1960 ప్రాంతంలో అరిజోనాలోని బిలాన్ని, అణు పరీక్షల గుంతల్ని పక్కపక్కన పెట్టి చూపించాక గానీ వాదన తేలలేదు.

టైకో విషయంలో జరిగింది ఇది. కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న ఒక గ్రహశకలం, లేదా తోకచుక్క ముక్క, నేలని తాకింది. తాకిన క్షణంలోనే షాక్ వేవ్ ఒకటి కిందికి, పక్కలకి పరిగెత్తింది. వచ్చిన రాయి దాదాపు మొత్తం ఆవిరైపోయి, కింద రాయి కొంత కరిగి, మిగతాది పొడిగా, ముక్కలుగా ఎగిరిపోయింది. మొదట పడిన గుంత ఇప్పుడు మనం చూసేదాని కంటే లోతైనది, సన్నటిది. అది అలా నిలవలేదు. నొక్కుకుపోయిన అడుగు తిరిగి పైకి తన్నింది, అదే మధ్యలో కొండ అయింది. అంచులు తమ బరువుకి తామే జారి లోపలికి మెట్లు మెట్లుగా కూర్చున్నాయి. గట్టి రాయి నీళ్లలా కదిలింది. ఇదంతా నిమిషాల్లో అయిపోయింది. రెండు కిలోమీటర్ల కొండ మనం టిఫిన్ చేసే లోపల లేచి నిలబడింది! ఎన్నిసార్లు చెప్పినా ఈ మాట దగ్గర నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అన్ని బిలాలకీ మధ్యలో కొండ ఉంటుందా?

ఉండదు. చంద్రుడి మీద సుమారు 15 నుంచి 20 కి.మీ. దాటిన వాటికే వస్తుంది. అంతకంటే చిన్నవి గిన్నెలా నున్నగా ఉండిపోతాయి. గిన్నె ఆకారం దగ్గర నుంచి చూడాలంటే మహారాష్ట్రలో బుల్ధానా జిల్లా లోణార్ వెళ్లండి. అది 1.8 కి.మీ. వెడల్పున్న నిజమైన ఉల్కా బిలం, దక్కన్ నల్లరాయిలో పడింది, లోపల ఉప్పు చెరువు ఉంది. చంద్రుడి మైదానాలు కూడా ఇదే బసాల్ట్ అనే నల్లరాయివి కావడంతో లోణార్ అంటే చంద్రుణ్ణి చదివేవాళ్లకి ప్రత్యేకమైన ప్రేమ.

ఆ తెల్ల గీతలు ఏంటి? పుచ్చకాయ తొడిమ నుంచి చారలు దిగినట్టు ఉన్నాయి.

ఆ పోలిక మా పక్కింటి పిన్నిగారిది, ఇంతకంటే బాగా నేను చెప్పలేను. అవి గుంతలోంచి ఎగిరిపడిన మట్టి, రాళ్లు. గాలి లేదు, అడ్డేదేదీ లేదు, గురుత్వం భూమి మీద దానిలో ఆరో వంతు. దాంతో విసిరిన ముక్కలు వందల కిలోమీటర్లు పోయి పడ్డాయి. కొన్ని చారలు 1,500 కి.మీ. దాటి కనిపిస్తాయి. పడ్డ ముక్కలు కూడా ఊరికే పడలేదు, ఒక్కోటీ తన వంతు చిన్న గుంత తవ్వి అక్కడి లోపలి తాజా మట్టిని పైకి తీసింది. అందుకే చార అంటే టైకో నుంచి వచ్చిన మట్టి మాత్రమే కాదు, దారిలో చిలికిన స్థానిక మట్టి కూడా అందులో కలిసి ఉంటుంది.

చారలకి ఎత్తంటూ లేదు, నేల మీద చల్లిన ముగ్గుపిండిలాంటివి. సూర్యుడు పక్క నుంచి కొట్టినప్పుడు నీడలు కొండలకీ గుంతలకీ పడతాయి, ముగ్గుకి నీడ పడదు కదా. అందుకని అష్టమి, నవమి రోజుల్లో చారలు దాదాపు కనిపించవు. పున్నమికి సూర్యుడు మన వెనక నుంచి తిన్నగా కొడుతుంటే నీడలన్నీ మాయమై, రంగు తేడా ఒక్కటే మిగులుతుంది. అప్పుడు చారలదే రాజ్యం.

ఇంకో సంగతి గమనించండి. చారలు అన్ని వైపులా ఒకేలా లేవు, పడమటి వైపు పలుచగా, ఖాళీగా ఉంటాయి. ఏటవాలుగా ఢీకొన్నప్పుడు రాయి వచ్చిన దిక్కున మట్టి తక్కువ ఎగురుతుంది. కాబట్టి ఇది పడమటి వైపు నుంచి వాలుగా వచ్చిందని లెక్క. గుంత గుండ్రంగా ఉండి ఏమీ చెప్పకపోయినా, చారలు ఆ దిక్కుని పట్టిచ్చాయి.

మిగతా బిలాలకి చారలు ఎందుకు లేవు?

ఒకప్పుడు వాటికీ ఉండేవి. చంద్రుడి మీద వాన లేదు, గాలి లేదు, అయినా నేల ముసలిదవుతుంది. ఇసుక రేణువంత ఉల్కలు నిత్యం కొడుతూ ఉంటాయి, సూర్యుడి నుంచి వచ్చే కణాలు తాకుతూ ఉంటాయి. వీటివల్ల మట్టి రేణువుల పైన కంటికి ఆనని ఇనుము పొర పేరుకుని రంగు నల్లబడుతుంది. సుమారు వంద కోట్ల ఏళ్లకి చారలు చుట్టుపక్కల నేలలో కలిసిపోతాయి. కాబట్టి ఒక బిలానికి చారలున్నాయంటే అది వయసులో చిన్నది అని అర్థం. కోపర్నికస్ అనే 93 కి.మీ. బిలం సుమారు 80 కోట్ల ఏళ్లది, దాని చారలు ఇంకా ఉన్నాయి గానీ టైకో అంత మెరుపు లేదు. టైకో పక్కన పెడితే దాన్ని పెద్దన్న అనాలి.

వయసెంత? అక్కడికి ఎవరూ వెళ్లలేదు కదా, ఎలా తెలిసింది?

సుమారు 10.8 కోట్ల ఏళ్లు. దీని వెనక కథ నాకు చాలా ఇష్టం, కాస్త ఓపిగ్గా చదవండి.

1972 డిసెంబరులో అపోలో 17లో యూజీన్ సెర్నాన్, హారిసన్ ష్మిట్ దిగిన చోటు టైకోకి 2,000 కి.మీ. పైగా దూరంలో, చంద్రుడి ఉత్తర భాగంలో ఉన్న ఒక లోయ. ఆ లోయ పక్కన ఒక పెద్ద కొండ, దాని కింద తెల్లగా పరుచుకున్న కొండచరియ. ఆ కొండచరియ ఎందుకు విరిగిపడింది అని చూస్తే, టైకో వైపు నుంచి ఎగిరొచ్చిన ముక్కలు ఆ కొండని కొట్టి ఉంటాయన్న ఆలోచన వచ్చింది. లోయలో కనిపించే గుంతల గుంపు కూడా ఆ ముక్కలు తవ్వినవే అని లెక్కగట్టారు. వ్యోమగాములు తెచ్చిన రాళ్లు ఎన్నేళ్లుగా బయటి అంతరిక్ష కిరణాలకి ఎదురుగా ఉన్నాయో ప్రయోగశాలలో కొలవొచ్చు. లోపల పూడి ఉన్నంతకాలం కిరణాలు తగలవు, బయటపడ్డ రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఆ లెక్క పది కోట్ల ఏళ్ల పైచిలుకు చూపించింది. అలా రెండువేల కిలోమీటర్ల దూరాన తగిలిన దెబ్బని పట్టుకుని టైకో పుట్టిన రోజు కట్టారు.

అయితే ఇది చుట్టుతిరిగి వచ్చిన సాక్ష్యమే. టైకో అడుగున గడ్డకట్టిన కరిగిన రాయి ఒక్క పిడికెడు చేతికొస్తే ఈ వయసు సూటిగా తేలుతుంది. అది తేలితే మేలు టైకోకి మాత్రమే కాదు. ఒక నేల మీద ఎన్ని గుంతలున్నాయో లెక్కపెట్టి దాని వయసు అంచనా కట్టే పద్ధతి ఉంది, అంగారకుడికి కూడా అదే వాడతారు. ఆ పద్ధతి నిలబడింది టైకో, కోపర్నికస్ లాంటి కొన్ని గుర్తుల మీదే.

పది కోట్ల ఏళ్లంటే పాతదే కదా, చిన్నది అంటారేంటి?

చంద్రుడి లెక్కలో చిన్నదే. టైకో కూర్చున్న దక్షిణపు ఎత్తు నేలలు 400 కోట్ల ఏళ్ల నాటివి, కుందేలు బొమ్మలోని నల్ల మైదానాలు చాలావరకు 300 కోట్ల ఏళ్లు దాటినవి. మన నేలతో పోల్చి చూడండి. హైదరాబాద్‌లో బండల మీద బండలు పేర్చినట్టుండే గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్లది. అంటే టైకో పడ్డ రోజుకే ఆ రాయి పండు ముసలిది. అదే గోదావరికి అవతల పంగిడి క్వారీల్లో మనవాళ్లు కొట్టే నల్లరాయి, ఆదిలాబాద్ వైపు దక్కన్ నల్లరాయి, ఇవి 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. టైకో పడ్డప్పుడు ఆ రాయి ఇంకా పుట్టలేదు. మన భూభాగం అప్పటికి మడగాస్కర్‌ని అంటుకుని దక్షిణార్ధగోళంలో ఉంది, భూమి మీద డైనోసార్లు తిరుగుతున్నాయి. వాటిలో ఏదైనా ఆ రాత్రి తల ఎత్తి ఉంటే చంద్రుడి మీద మెరుపు కనిపించే ఉంటుంది.

డైనోసార్లని చంపింది ఇదేనా?

కాదు. అది 6.6 కోట్ల ఏళ్ల క్రితం మెక్సికో తీరంలో చిక్షులూబ్ దగ్గర పడ్డ వేరే రాయి, టైకోకి నాలుగు కోట్ల ఏళ్లకు పైగా తర్వాత. ఈ రెండూ ఒకే పెద్ద గ్రహశకలం పగిలిన ముక్కలేమో అని 2007లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు, బాప్టిస్టినా అనే గ్రహశకలాల కుటుంబం పేరు అప్పుడు పత్రికల్లో బాగా నలిగింది. 2011లో వైజ్ అనే అంతరిక్ష టెలిస్కోప్ కొలతలు వచ్చాక ఆ కుటుంబం పగిలింది సుమారు 8 కోట్ల ఏళ్ల క్రితమే అని తేలింది. తల్లి పగలకముందే పిల్ల వచ్చి టైకోని తవ్వడం కుదరదు కదా. ఇప్పటికీ కొన్ని వీడియోల్లో ఆ పాత కథే తిప్పుతున్నారు, నమ్మకండి.

ఆ పేరు ఎవరు పెట్టారు?

ఇటలీకి చెందిన రిచ్చోలీ అనే క్రైస్తవ గురువు 1651లో అచ్చువేసిన చంద్రుడి పటంలో. టైకో బ్రాహి డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త, 1546లో పుట్టి 1601లో పోయాడు. టెలిస్కోప్ వాడుకలోకి రాకముందే, ఉత్త కంటితో, పెద్ద పెద్ద కోణమానులతో గ్రహాల స్థానాలు కొలిచినవాడు. ఆ కొలతలు పట్టుకునే కెప్లర్ గ్రహాలు దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయని తేల్చాడు. ఉత్త కంటితో చూసినవాడి పేరు ఉత్త కంటికి కనిపించే బిలానికి వచ్చింది, నాకైతే అది సరిగ్గా కుదిరిన పేరు.

చుట్టుపక్కల ఏమున్నాయి?

ఈ చోటంతా గుంత మీద గుంత, ఖాళీ అన్నది లేదు. నైరుతి వైపు లాంగోమోంటానస్ అని 145 కి.మీ. బిలం ఉంది, ఆయన టైకో బ్రాహి దగ్గర పనిచేసిన శిష్యుడు. గురువు పక్కనే శిష్యుణ్ణి కూర్చోబెట్టారన్నమాట. ఆగ్నేయంలో మాజినస్, 160 కి.మీ. పైనే ఉంటుంది కానీ ఎంత పాతదంటే అంచులు అరిగిపోయి, పున్నమికి టైకో వెలుగులో పూర్తిగా మునిగిపోతుంది. కొత్తగా చూసేవాళ్లు నిన్న కనిపించిన అంత పెద్ద గుంత ఇవాళ ఏమైందని కంగారు పడతారు. పడమర వైపు విల్‌హెల్మ్, తూర్పున పిక్టెట్, దక్షిణాన స్ట్రీట్.

అన్నిటికంటే చూడాల్సింది మాత్రం క్లావియస్. టైకోకి దక్షిణంగా, దాదాపు 230 కి.మీ. వెడల్పు. దాని లోపల చిన్న బిలాలు వంపు తిరిగిన వరసలో పెద్దది, దాని తర్వాత చిన్నది, ఇంకా చిన్నది అని తగ్గుతూ వెళ్తాయి, ఎవరో కొలిచి పెట్టినట్టు. టెలిస్కోప్‌లో ఆ వరస చూడగానే పిల్లలు తప్పకుండా లెక్కపెడతారు. ఎన్ని లెక్కపెట్టగలిగితే మీ టెలిస్కోప్, ఆ రాత్రి గాలి అంత బాగున్నట్టు.

క్లావియస్‌లో నీళ్లు దొరికాయంటారు, నిజమా?

నిజమే, కానీ బకెట్టు ముంచుకునే నీళ్లు కాదు. సోఫియా అని బోయింగ్ 747 విమానంలో అమర్చిన టెలిస్కోప్ ఒకటి ఉండేది. దానితో చేసిన పరిశీలనలో క్లావియస్ ప్రాంతపు ఎండ తగిలే నేలలో నీటి అణువులు ఉన్నాయని 2020 అక్టోబరులో ప్రకటించారు. మోతాదు పది లక్షల భాగాల్లో 100 నుంచి 412 దాకా, అంటే ఒక ఘనపు మీటరు మట్టిలో సుమారు మూడొందల యాభై మిల్లీలీటర్లు. సహారా ఎడారి మట్టిలో దీనికి వంద రెట్లు ఉంటుంది. ఆ అణువులు గాజు ముత్యాల్లోనో, రేణువుల సందుల్లోనో ఇరుక్కుని ఉంటాయని అనుకుంటున్నారు.

ఈ దారి మొదలైంది మన శ్రీహరికోట నుంచే. 2008 అక్టోబరు 22న అక్కడి నుంచి వెళ్లిన చంద్రయాన్-1 మీద ఉన్న నాసా పరికరం చంద్రుడి మట్టిలో హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ అతుక్కున్న జంట), నీటి జాడలు ఉన్నాయని చూపించింది, 2009లో ఆ సంగతి ప్రకటించారు. అయితే ఆ పరికరం చూసిన రంగుల్లో అది నీరా, హైడ్రాక్సిలా అని విడదీయడం కష్టం. సోఫియా వేరే తరంగదైర్ఘ్యంలో చూసి నీటి అణువునే పట్టుకుంది.

టైకోలో మంచు ఉంటుందా అంటే, ఉండదు. అది 43 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉంది, రెండు వారాల పగలంతా ఎండ లోపలికి కొడుతుంది. మంచుకి కావలసిన శాశ్వత నీడ ధ్రువాల దగ్గరి గుంతల్లోనే దొరుకుతుంది.

చంద్రయాన్-3 దిగింది టైకో దగ్గరేనా?

కాదు. విక్రమ్ 2023 ఆగస్టు 23న దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో, టైకో నుంచి సూటిగా సుమారు 1,000 కి.మీ. దూరంలో. మేడ మీద చూపించేటప్పుడు నేను టైకో నుంచే దారి చెప్తాను: టైకో పట్టుకోండి, క్లావియస్ దాటండి, ఇంకా కిందికి, కొంచెం తూర్పుకి, అంచుకి దగ్గరగా రండి, అటువైపే మన విక్రమ్ ఉంది. ల్యాండర్ ఏ టెలిస్కోప్‌కీ కనిపించేంత పెద్దది కాదు. అయినా ఆ మాట వినగానే వరసలో వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకి తోసుకొస్తారు. చంద్రయాన్-1 కెమెరాలు మాత్రం టైకో మధ్య కొండని నేరుగా ఫొటో తీశాయి, ఆ చిత్రాల మీద మన శాస్త్రవేత్తలు పని చేసి కొండ పైన కూడా కరిగి గడ్డకట్టిన రాయి జాడలున్నాయని చూపించారు.

మరి టైకో దగ్గర ఎవరూ దిగలేదా?

మనుషులు దిగలేదు, యంత్రం దిగింది. 1968 జనవరి 10న నాసా సర్వేయర్ 7 టైకో ఉత్తరపు అంచుకి 30 కి.మీ. లోపు దూరంలో దిగింది. అంతకుముందు దిగిన సర్వేయర్లన్నీ చదునైన నల్ల మైదానాల్లో అపోలో కోసం చోటు వెతికాయి. ఆ పని అయిపోయింది కాబట్టి ఈ చివరిదాన్ని శాస్త్రం కోసం, తెగించి, రాళ్లతో నిండిన ఎత్తు నేల మీదికి పంపారు. అక్కడ ఒక చిక్కొచ్చింది. మట్టిలో ఏ మూలకాలున్నాయో చెప్పే పరికరం కిందికి దిగకుండా మధ్యలో ఇరుక్కుపోయింది. దాని పక్కనే మట్టి తవ్వే చిన్న చెయ్యి ఉంది. భూమి మీద కూర్చున్న ఇంజినీర్లు ఆ చేతిని కదిలించి, ఇరుక్కున్న పెట్టెని మెల్లగా నేల మీదికి నొక్కారు. దాదాపు నాలుగు లక్షల కిలోమీటర్ల అవతల, ఆ రోజుల కంప్యూటర్లతో! అలా వచ్చిన ఫలితం ఏమిటంటే, అక్కడి మట్టిలో మైదానాల కంటే ఇనుము తక్కువ, అల్యూమినియం ఎక్కువ. ఎత్తు నేలలు తెల్లగా ఎందుకున్నాయో దానితో తెలిసింది.

అదే సర్వేయర్ జనవరి 20న భూమి వైపు చూస్తూ అరిజోనా, కాలిఫోర్నియాల నుంచి వేసిన లేజర్ కాంతిని రెండు చుక్కలుగా ఫొటో తీసింది. భూమి చీకటి వైపు రెండే చుక్కలు, పెద్ద నగరాల దీపాలేవీ ఆ ఫొటోలో పడలేదు.

తర్వాత ఒక దశలో అపోలో మనుషుల్ని అక్కడికే పంపాలన్న ఆలోచన ఉండేది. నేల మరీ ఎగుడుదిగుడు, పైగా చివరి యాత్రలు రద్దయ్యాయి.

టైకో లోపల నిలబడితే ఎలా ఉంటుంది?

సర్వేయర్ బయటే దిగింది కాబట్టి లోపలి సంగతి కక్ష్య నుంచి తీసిన చిత్రాలే చెప్పాలి. అడుగంతా కరిగి, పగుళ్లిచ్చి గడ్డకట్టిన రాయి. 2011 జూన్ 10న చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ మధ్య కొండ మీద సూర్యోదయాన్ని పక్క నుంచి ఫొటో తీసింది. కొండ గుంపు వెడల్పు 15 కి.మీ., శిఖరం నెత్తిన 120 మీటర్ల బండ ఒకటి ఒంటరిగా కూర్చుని ఉంది. అది అక్కడికెలా చేరిందన్న దాని మీద ఇంకా చర్చ ఉంది.

లెక్క వేసి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. చంద్రుడు చిన్నవాడు కాబట్టి నేల త్వరగా వంగిపోతుంది, మనిషి ఎత్తు నుంచి దిగంతం రెండున్నర కిలోమీటర్లే. అయినా టైకో గోడలు ఎంత ఎత్తంటే మధ్య నుంచి కూడా నలభై కిలోమీటర్ల అవతల చుట్టూ కనిపిస్తాయి. ఉత్తరం వైపు తల ఎత్తితే భూమి ఆకాశంలో సగం ఎత్తులో వేలాడుతూ ఉంటుంది. ఉదయించదు, అస్తమించదు, అక్కడే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

గ్రహణం రోజు టైకో వేడిగా ఉంటుందట?

చుట్టుపక్కల కంటే వేడిగా, అవును. 1960 చంద్రగ్రహణం అప్పుడు పరారుణ కాంతిలో చూస్తే భూమి నీడ పడి నేలంతా గబగబా చల్లారిపోతుంటే టైకో మాత్రం వెచ్చగా మెరిసింది. లోపల మంట ఏమీ లేదు. పాత నేలలు మెత్తటి దుమ్ము, దుమ్ము వేడిని నిలుపుకోదు. టైకో కుర్ర బిలం కాబట్టి ఇంకా రాళ్లు పొడి కాలేదు. రాత్రి ఎనిమిదింటికి కూడా మేడ స్లాబు కాళ్లకి వెచ్చగా తగులుతుంది, పెరట్లో మట్టి మాత్రం చల్లబడిపోయి ఉంటుంది, అదే లెక్క.

ఫోనుతో ఫొటో తీయొచ్చా?

తీయొచ్చు. టెలిస్కోప్ కంటికటకం దగ్గర ఫోను పట్టుకుని, తెర మీద చంద్రుణ్ణి తాకి వెలుతురు బాగా తగ్గించండి. తగ్గించకపోతే టైకో చోట తెల్ల మచ్చ తప్ప ఏమీ రాదు.

ఒక్క రాత్రే వీలుంటే ఏ రాత్రి రమ్మంటారు?

అందరూ పున్నమికి వస్తామంటారు. చారలు కావాలంటే పున్నమే. నన్నడిగితే మాత్రం శుక్ల నవమి సాయంత్రం రండి. టైకో మీద అప్పుడే తెల్లవారుతుంటుంది. వెలుగూ చీకటీ కలిసే గీత మీద ఒక నల్లటి గుండ్రం, పడమటి గోడ పైభాగం సన్నగా తెల్లగా, లోపలంతా కటిక చీకటి. ఏమీ కనిపించట్లేదని టెలిస్కోప్ వదిలి వెళ్లకండి, కాఫీ తాగి మళ్లీ రండి. సూర్యుడు అక్కడ గంటకి అర డిగ్రీ కూడా లేవడు, మార్పు నెమ్మదిగా ఉంటుంది. తిథి, గంట సరిగ్గా కుదిరితే ఆ నల్లటి చీకటి నడిమధ్యన ఒక చుక్క వెలుగుతుంది. మిగతా అడుగంతా ఇంకా రాత్రిలోనే ఉంటుంది. అది ఆ రెండు కిలోమీటర్ల కొండ శిఖరం.